యాభయ్యారో నంబరు గొట్టం

బ్రెడ్డు ముక్క చిటికెన వేలి గోరంత ఉంది. తమ్ముడు దాన్ని పాలలో నానబెట్టి, నోట్లో వేసుకుని నమలటం మొదలుపెట్టాడు. ఎదురుగా కూర్చున్న ఆవిరక్క లోపల్లోపలే లెక్కపెడుతోంది. ముప్పై ఎనిమిది, ముప్పై తొమ్మిది, నలభై. మింగాడు. రెండు క్షణాలు ఏమీ కాలేదు. తర్వాత అతని చెయ్యి ఛాతీ మధ్యకి వెళ్ళింది, కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, కుర్చీ వెనక్కి తోసేసి సింకు దగ్గరికి పరిగెత్తాడు.

ముక్క వెళ్ళిన దారినే తిరిగొచ్చింది. దాని వెనకాల జిగురు నురగ.

పొద్దున్నుంచి ఇది ఆరోసారి అని మరదలు గిన్నె తీసేస్తూ చెప్పింది. ఆ మాట ఏడుస్తూ చెప్పలేదు. ఏడవటం రెండో నెలలోనే అయిపోయింది ఆమెకి.

తమ్ముడు బేకరీ నడుపుతాడు. చుట్టుపక్కల నాలుగు వీధుల్లో తెల్లారేసరికి గుమ్మాల్లో ఉండే బ్రెడ్డు అతని పొయ్యిలోంచి వచ్చిందే. చిన్నప్పుడు బన్నులాగా ఉంటాడని అక్క పెట్టిన పేరు, బన్నుగాడు, ఇప్పుడు తల్చుకుంటే వెక్కిరింపులా ఉంది. ఎనభై రెండు కిలోల మనిషి అరవై ఒకటికి దిగాడు. చొక్కా హ్యాంగరుకి తగిలించినట్టు ఒంటి మీద వేలాడుతోంది. తన చేత్తో కాల్చిన బ్రెడ్డు తన గొంతు దిగదు.

అయిదు నెలల క్రితం అతని బాధ వేరు. పొయ్యిలో ట్రేలు పెట్టటానికి వంగినప్పుడల్లా పుల్లటి మంట గొంతుదాకా తన్నుకొచ్చేది. హయాటల్ హెర్నియా అన్నారు. ఛాతీకీ పొట్టకీ మధ్య ఉండే కండరపు తెరలో అన్నవాహిక దిగే కన్నం వదులైపోయింది, పొట్ట పైభాగం అందులోంచి ఛాతీలోకి ఎగబాకింది, ఆపరేషన్ చేసి పొట్టని కిందికి లాగి, కన్నం బిగించి, పొట్ట పైకొసని అన్నవాహిక చుట్టూ మఫ్లర్‌లా చుట్టి కుడతాం అన్నారు. తమ్ముడు భయపడ్డాడు. "నేను లేనా ఏంట్రా అక్కడ? మా ఆస్పత్రిలోనే చేయించుకో, పెద్ద డాక్టరు చెయ్యి పడితే చాలు," అని అతన్ని పట్టుకెళ్ళి టేబుల్ మీద పడుకోబెట్టింది అక్కే.

సింకు దగ్గర తమ్ముడు మొహం కడుక్కుంటుండగా ఫోన్ మోగింది. ఆస్పత్రి ఫలితాల విభాగం నుంచట. ఎవరో అమ్మాయి, పలకరింపు కూడా కాగితం చూసి చదువుతున్నట్టు ఉంది. అతను స్పీకర్ నొక్కి బల్ల మీద పెట్టాడు. పడుకుంటే మంట వస్తోందా అని అడిగింది. లేదు. వంగితే? లేదు. తిన్నాక? లేదు. మంటకి మాత్రలు వాడుతున్నారా? లేదు. ఇలాంటివే పది. పదింటికీ లేదనే చెప్పాడు, ఎందుకంటే అది నిజం. మింగుడు పడుతోందా అన్న ప్రశ్న ఆ పదిలో లేదు. తమ్ముడు చెప్పబోయాడు, ఏం తిన్నా దిగటం లేదమ్మా అని. ఆ గడి ఫారంలో లేదండీ, డాక్టరుగారికి చెప్పుకోండి అంది అమ్మాయి.

"అభినందనలు సార్. మీ ఆపరేషన్ పూర్తి విజయం," అని పెట్టేసింది.

తమ్ముడు నవ్వాడు. "మంట ఎలా వస్తుందే అక్కా, మండటానికి లోపల ఏమన్నా ఉండాలిగా."

ఆవిరక్కకి నవ్వు రాలేదు. అరికాలి నుంచి నెత్తిదాకా మండింది. తను పనిచేసే ఆస్పత్రి మెట్ల దగ్గర నిలువెత్తు బోర్డు ఉంది. హెర్నియా ఆపరేషన్లు, నూటికి నూరు శాతం విజయం. ఆ బోర్డు పుణ్యమా అని పెద్ద డాక్టర్ని అందరూ చాటుగా నూటికినూరు అంటారు. ఇప్పుడా నూరులో తన తమ్ముడు కూడా చేరిపోయాడన్నమాట.

నూటికినూరు దగ్గరికి వాళ్ళు మూడుసార్లు వెళ్ళారు. మొదటిసారి వాపు ఉంటుంది, మూడు నెలలు ఓపిక పట్టమన్నాడు. రెండోసారి మెత్తగా తినమన్నాడు. మూడోసారి మరదలి వైపు తిరిగి, మీ ఆయనకి తిండంటే భయం పట్టుకుంది, మనసు డాక్టరుకి చూపించండి అని చేతులు దులుపుకున్నాడు. గదిలోంచి బయటికొచ్చాక మరదలు ఒకే మాట అంది. "భయం నాకు వదినా. ఆయనకి ఆకలి."

ఆ వారంలోనే వేరే ఆస్పత్రికి తీసుకెళ్ళారు. అక్కడి డాక్టరమ్మ కళ్ళజోడు ముక్కు కొసన పెట్టుకుని, తక్కువ మాట్లాడి, కాగితాలు ఎక్కువగా చూసే మనిషి. తెల్లటి మందు తాగించి ఎక్స్‌రేలు తీసింది. మందు అన్నవాహిక అడుగుదాకా వచ్చి, పిచ్చుక ముక్కులా సన్నబడి, అక్కడే ఆగిపోయింది.

మంగళవారం సాయంత్రం ఆమె వాళ్ళని కూర్చోబెట్టి వివరంగా చెప్పింది. ఇలా సన్నబడటానికి రెండే కారణాలు. ఆపరేషన్‌లో చుట్టిన చుట్టు మరీ బిగుసుకుపోయి ఉండాలి, లేదా అన్నవాహిక అడుగున కండరం వదులవ్వాల్సినప్పుడు వదులవ్వటం మానేసి ఉండాలి. ఎక్స్‌రేలో రెండూ ఒకేలా కనిపిస్తాయి. కండరం బలం కొలిచే సన్నటి తీగ రెండుసార్లు వేసి చూశారు, అది చుట్టు దాటి కిందికి దిగలేదు. ఇక మిగిలిన ఆధారం మొదటి ఆపరేషన్ కాగితం. ఆ కాగితంలో స్పష్టంగా రాసుంది, యాభయ్యారో నంబరు బూజీ లోపల ఉంచి చుట్టు వేశామని. బూజీ అంటే రబ్బరు గొట్టం, నంబరు పెరిగేకొద్దీ లావు, యాభయ్యారోది బొటనవేలంత ఉంటుంది. నోట్లోంచి దించి, దాని మీద చుట్టు వేస్తే, గొట్టం తీశాక అంత ఖాళీ మిగులుతుంది. బిగుసుకునే ప్రశ్నే లేదు. కాబట్టి కండరానిదే తప్పు. గురువారం పదకొండు గంటలకి కండరాన్ని నిలువునా కోస్తాను అంది.

కోశాక కుదరకపోతే అని అడిగాడు తమ్ముడు.

ఒకసారి కోసిన కండరం మళ్ళీ అతుక్కోదని ఆమె నిజాయితీగా చెప్పింది. కుదరకపోతే పొట్టకి కన్నం పెట్టి, గొట్టం ద్వారా ఆహారం పంపించటమే. ఎన్నాళ్ళని తమ్ముడు అడగలేదు. 

బస్సులో ఇంటికి వస్తూ ఆవిరక్క కిటికీ పక్కన కూర్చుని ఒక్క మాటే నమిలింది. యాభయ్యారో నంబరు.

ఆస్పత్రి కింది అంతస్తులో ఆపరేషన్ సామాన్లు కడిగి, ఆవిరి యంత్రంలో ఉడికించి, సీలు వేసి పైకి పంపే గది ఆమెది. పద్దెనిమిదేళ్ళుగా ఆ ఆవిర్లోనే ఉంది కాబట్టి ఆవిరక్క. కత్తెర మొద్దుబారితే చూపుతో చెప్పగలదు, పట్టకారు జారితే చప్పుడుతో చెప్పగలదు. యాభయ్యారో నంబరు బూజీ ఆస్పత్రి మొత్తానికి ఒకటే. అది రబ్బరు, ఆవిర్లో పెడితే పాడవుతుంది. వాడిన ప్రతిసారీ తన గదికి రావాలి, మందునీళ్ళలో నానాలి. మూరన్నర పొడుగుంటుంది, మామూలు ట్రేలో పట్టదు. దానికోసమే ఒక పొడుగాటి ఎనామెల్ ట్రే ఉంది.

ఆ ట్రేలో ఇప్పుడేముంది?

బస్సు మలుపు తిరిగింది. ఆవిరక్క ముందు సీటు కమ్మీ గట్టిగా పట్టుకుంది. ఆ ట్రేలో టీ కప్పులున్నాయి. గదిలో పనిచేసేవాళ్ళు తాగిన కప్పులు కడిగి బోర్లించుకోవటానికి వాడుతున్నారు. నిన్నా అంతే, పోయిన నెలా అంతే, వర్షాల ముందునుంచీ అంతే.

బుధవారం ఆమె అందరికంటే ముందు డ్యూటీకి వెళ్ళింది. కప్పులు ఎత్తి చూసింది. ట్రే అడుగున గుండ్రటి టీ మరకలు, గోరుతో గీకినా పోనంత పాతవి. అక్కణ్ణించి మెట్లెక్కి మూడో ఆపరేషన్ గదికి పోయింది. మత్తు యంత్రం కింద సొరుగు లాగింది. చేతి తొడుగుల పెట్టె, వాడని మాస్కులు, వాటి కింద లోపలిది కనిపించే ప్లాస్టిక్ కవరు. లోపల నల్లటి బూజీ చుట్టలా పడుకుని ఉంది. కవరు మూతి మీద సీలు చెక్కుచెదరలేదు. సీలు మీద అడ్డంగా తన పొడి అక్షరాలు, తన చేత్తో వేసిన తేదీ.

పదకొండు నెలల క్రితం తేదీ.

తమ్ముడి ఆపరేషన్ జరిగి అయిదు నెలలు. ఆ రోజు ఈ కవరు విప్పనే లేదు. ఆ రోజే కాదు, దానికి ముందు ఆరు నెలలు, తర్వాత అయిదు నెలలు ఎవరికీ విప్పలేదు. అయినా అన్ని కాగితాల్లోనూ బూజీ పెట్టామనే ఉంది.

ఆవిరక్కకి కోపం రావటానికి ముందు ఇంకో సంగతి గుర్తొచ్చింది, అది కోపం కంటే ఘోరంగా ఉంది.

ప్రతి ఆపరేషన్‌కీ గులాబీ రంగు కార్డు ఒకటి ఉంటుంది. ఒక్కో పరికరానికీ ఎదురుగా రెండు గడులు. పంపాం, తిరిగొచ్చింది. పోయిన ఏడాది తనిఖీవాళ్ళు వచ్చి, నాలుగు కార్డుల్లో ఖాళీ గడులు చూసి, కొంప మునిగినట్టు గోల చేశారు. మెమో ఇచ్చారు. అప్పట్నించి ఆవిరక్క ఖాళీ గడి అన్నది లేకుండా చేసింది. పొద్దున్నే ఆ రోజు కార్డులన్నీ పేర్చుకుని, టీ చల్లారేలోపు, రెండు వరసలకీ పై నుంచి కిందిదాకా టిక్కులు కొట్టేస్తుంది. ఇంకా మొదలుకాని ఆపరేషన్‌లోంచి సామాన్లు తిరిగొచ్చేసినట్టు. ఎవరూ అడగలేదు. అడగాల్సినవాళ్ళు కూడా నిండిన గడులు చూసి సంతోషించారు.

కవరు పట్టుకుని తన గదికి దిగొచ్చి పాత కార్డుల కట్ట విప్పింది. తమ్ముడి కార్డు దొరికింది. బూజీ, యాభయ్యారో నంబరు. పంపాం, టిక్కు. తిరిగొచ్చింది, టిక్కు. ఆ రోజు తమ్ముడి ఆపరేషన్ కదా అని దేవుడికి దణ్ణం పెట్టుకుని మరీ కొట్టింది ఆ టిక్కులు.

మత్తు డాక్టరు పదింటికి వచ్చాడు. బూజీ నోట్లోంచి దించాల్సింది ఆయనే. మంచివాడు, ఎవరితోనూ పేచీ పెట్టుకోడు, అదే ఆయన జబ్బు. ఆవిరక్క కవరు చూపించగానే తలుపు దగ్గరగా వేశాడు. ఏడాది క్రితం ఒకామెకి బూజీ దించుతుంటే గుచ్చుకుని అన్నవాహిక చిరిగిందని, ఆమె నలభై రోజులు ఐసీయూలో ఉండి బతికిందని, ఆ రోజునుంచి పెద్ద డాక్టరు బూజీ వద్దంటున్నాడని గొణిగాడు. వద్దన్నాక తానేం చెయ్యగలడట.

మరి కాగితంలో పెట్టామని ఎలా వస్తోంది అని అడిగింది.

"ఆ కాగితం ముందే అచ్చు వేసి ఉంటుందమ్మా. పేరూ వయసూ మార్చటమే," అన్నాడు, తన బూట్లు చూసుకుంటూ.

ఆమె డాక్టరమ్మ ఆస్పత్రికి ఫోన్ చేసి, తమ్ముడికి బూజీ వాడలేదని డాక్టరమ్మకి చెప్పమంది. ఆపరేషన్‌లో ఉన్నారు, చెబుతాం అన్నారు. నాలుగు గంటలకి డాక్టరమ్మే తిరిగి చేసింది. గొంతు విసుగ్గా ఉంది. మీరు చెప్పారని మీ పెద్ద డాక్టరుతో మాట్లాడాను, ప్రతి కేసులోనూ బూజీ వాడానని ఆయన చెప్పారు, మీ తమ్ముడి ఫైల్లో ఉన్న కార్డు నకలు కూడా ఫొటో తీసి పంపించారు, అందులో టిక్కులు మీవే కదా అంది. ఆవిరక్క అవునంది. ఇంకా ఏదో చెప్పబోయేసరికి అవతల ఎవరో పిలిచారు, రేపు మాట్లాడదాం అని డాక్టరమ్మ పెట్టేసింది.

ఫోన్ చెవి దగ్గరే ఉంది. గుమ్మంలో నూటికినూరు నిలబడి ఉన్నాడు.

పద్దెనిమిదేళ్ళలో ఆయన ఆ గదికి రావటం అదే మొదటిసారి. తలుపు కమ్మీకి తల తగలకుండా వంగి లోపలికి వచ్చాడు. గదిలో మిగిలిన ఇద్దర్నీ టీకి పంపించాడు. అరవలేదు. అరిచే మనిషి కాదు.

"నీ తమ్ముడి మీద నాకేం కోపం లేదమ్మా. వెయ్యి చుట్లు చుట్టాను. బూజీతో చుట్టాను, బూజీ లేకుండా చుట్టాను. కొలత నా వేళ్ళకి తెలుసు."

"తెలిస్తే అదే రాయొచ్చు కదా సార్. వాడలేదని."

"రాస్తే ప్రతివాడూ ఎందుకు వాడలేదని అడుగుతాడు."

"అడిగితే ఏమైంది సార్? చెప్పొచ్చుగా."

ఆయన బల్ల మీదున్న కవరు తీసుకుని తేదీ చదివాడు. ఆరు నెలలు దాటిన ఏ కవరైనా విప్పి, మళ్ళీ శుభ్రం చేసి, కొత్త తేదీతో సీలు వెయ్యాలని రూలు ఉందిగా, అది నీ పనేగా, అయిదు నెలలు ఆలస్యంగా పడుందేం అని మెల్లగా అడిగాడు. తర్వాత బల్ల మీదున్న కత్తెర ఆమె ముందుకి జరిపాడు.

"రూలు ప్రకారం చెయ్యి. ఇప్పుడే. తమ్ముణ్ణి తీసుకురా, నేనే మళ్ళీ చూస్తాను. లేదూ, నువ్వు గోల చేస్తానంటే చెయ్యి. ముందు ఆ టిక్కుల సంగతి ఎవరు చెబుతారో ఆలోచించుకో. నేను గొట్టం వాడలేదు, సరే. రాని గొట్టం వచ్చిందని సంతకం పెట్టింది ఎవరు?"

ఆ మాట మొహాన కొట్టినట్టు తగిలింది, ఎందుకంటే అందులో అబద్ధం లేదు. ఆవిరక్క కత్తెర చేతిలోకి తీసుకుంది. రూలు రూలే. ఒక్క కోత, అరగంట మందునీళ్ళు, కొత్త తేదీ. ఆ పని చేస్తే తన ఉద్యోగానికి ఢోకా లేదు, బోర్డుకి ఢోకా లేదు. రేపు పదకొండు గంటలకి తమ్ముడి కండరం మాత్రం పైనుంచి కిందికి తెగుతుంది.

కత్తెర తీసుకెళ్ళి వాడిన సామాన్ల తొట్టిలో పడేసింది.

"ఇది మొద్దుబారింది సార్. సానబెట్టాలి," అంది. కవరు తన సంచిలో టిఫిన్ డబ్బా పక్కన పెట్టుకుంది. గులాబీ కార్డుల కట్ట దాని మీద పెట్టింది. ఆయన తలుపుకి అడ్డంగానే ఉన్నాడు. ఆవిరక్క కదలకుండా ఆయన మొహంలోకి చూసింది. పద్దెనిమిదేళ్ళుగా ఆయన చేతుల్లోకి వెళ్ళిన ప్రతి ఇనుప ముక్కా తను కడిగిందే, ఒక్కసారి కూడా ఆయన తన పేరు అడగలేదు. బయట నడవాలో టీ తాగొచ్చిన ఇద్దరూ తలుపు దగ్గర నిలబడి చూస్తున్నారు. నూటికినూరు పక్కకి జరిగాడు. సామాను బయటికి పట్టుకెళ్తే ఉద్యోగం పోతుందని మాత్రం అన్నాడు.

"పోనివ్వండి సార్," అంది. "తిరిగొచ్చిందని టిక్కు కొట్టుకోండి."

ఇంటికెళ్ళి ఆమె తమ్ముడికి నిజం చెప్పింది. ఆస్పత్రి అబద్ధం ముందు, తన అబద్ధం తర్వాత. మరదలు వంటింటి గుమ్మం పట్టుకుని నిలబడిపోయింది. తర్వాత వదిన మొహం చూడకుండానే, చేతులారా మీరే అని మొదలుపెట్టి, పూర్తి చెయ్యలేక లోపలికి వెళ్ళిపోయింది. తమ్ముడు గోడకి ఆనుకుని కూర్చుని ఆ కవర్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఇంత లావుదా అక్కా," అన్నాడు. "ఇది పట్టేంత దారి ఉండాలన్నమాట నాకు."

తిట్టలేదు. తిడితే బాగుండు అనిపించింది ఆవిరక్కకి.

గురువారం పదింపావుకి తమ్ముణ్ణి పచ్చ గౌను వేసి స్ట్రెచర్ మీద పడుకోబెట్టారు. డాక్టరమ్మ చేతులు కడుక్కోవటానికి వెళ్తోంది. ఆవిరక్క ఆమె దారికి అడ్డంగా నిలబడి కవరు చూపించింది. డాక్టరమ్మ చదివింది, తేదీ చూసింది, మళ్ళీ చదివింది. ఇది వేరే బూజీ అయి ఉండొచ్చుగా అంది. ఒకటే ఉందని చెప్పింది ఆవిరక్క. మరి కార్డు?

అక్కడ నర్సులున్నారు, స్ట్రెచర్ తోసే మనిషి ఉన్నాడు, మరదలుంది. ఆవిరక్క సంచిలోంచి కట్ట తీసి స్ట్రెచర్ అంచు మీద పెట్టింది.

"కార్డు అబద్ధం డాక్టరుగారూ. నేను రాసిన అబద్ధం. పదకొండు నెలల్లో ముప్పై నాలుగు హెర్నియా కార్డులు. ముప్పై నాలుగింటిలోనూ గొట్టం వచ్చిందని టిక్కు కొట్టాను, ఒక్కసారి కూడా రాలేదు. పొద్దున్నే కూర్చుని అన్నీ ఒకేసారి కొట్టేసేదాన్ని. మా తమ్ముడిది కూడా. ఎక్కడ సంతకం పెట్టమంటే అక్కడ పెడతాను. వాడి కండరం మాత్రం కొయ్యకండి."

డాక్టరమ్మ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. ఆమెకీ కోపం వచ్చింది, కానీ దాన్ని ఎటు తిప్పాలో తేల్చుకోవటానికి కాసేపు పట్టింది. చివరికి నెమ్మదిగా చెప్పింది. బూజీ వాడని డాక్టర్లు చాలామందే ఉన్నారట, అదేం నేరం కాదట. "వాడకుండా వాడానని రాయటం నేరం. ఆ ఒక్క వాక్యం నమ్మి నేను ఇవాళ మంచి కండరాన్ని కోసేసి ఉండేదాన్నేమో."

కాగితం తెప్పించింది. ఆవిరక్క రాసింది, తేదీ వేసింది, సంతకం పెట్టింది. ఈసారి ప్రతి అక్షరం చూసి రాసింది.

ఆపరేషన్‌కి నాలుగు గంటలు పట్టింది. నడవాలో మరదలు ఒక చివరా వదిన ఒక చివరా కూర్చున్నారు. మూడో గంటలో మరదలు లేచి వచ్చి, నీళ్ళ సీసా వదిన ఒళ్ళో పెట్టి, తిరిగి తన చోటుకి పోయి కూర్చుంది.

డాక్టరమ్మ చెమటతో బయటికి వచ్చింది. ముందు బూజీ దించి చూశారట. యాభయ్యారు కాదు, నలభై కూడా దిగలేదు, ముప్పై దగ్గర ఆగిపోయింది. చుట్టు ఉరితాడులా బిగుసుకుని ఉంది. దాన్ని మొత్తం విప్పేసి, ఈసారి పూర్తిగా కాకుండా ముప్పాతిక వంతే చుట్టింది. కండరం జోలికి పోలేదు. ఇలా ముప్పాతిక చుట్టు వేస్తే కొందరికి అప్పుడప్పుడు కాస్త మంట రావచ్చు, అది మాత్రలతో పోతుంది అని చెప్పింది.

ఆరు వారాల తర్వాత ఒక ఉదయం తమ్ముడు బేకరీ నుంచి వేడి బ్రెడ్డు తెచ్చాడు. కొసముక్క తెంపాడు, అక్క లెక్కపెట్టటం మొదలుపెట్టింది, పన్నెండు దగ్గర మింగేశాడు. చెయ్యి ఛాతీ దగ్గరికి పోలేదు. ఇంకో ముక్క తెంపి, నోట్లో పెట్టుకునే ముందు మరదలికీ అక్కకీ చెరొకటి ఇచ్చాడు.  మరదలు వదిన చేతిలో ముక్కకి వెన్న రాసింది, కొంచెం కసిగానే.

ఆవిరక్క సస్పెన్షన్‌లో ఉంది. విచారణ అన్నారు, ఆ విచారణలో ప్రశ్నలన్నీ టిక్కుల గురించే. అచ్చు కాగితం గురించి ఒక్కటీ లేదు. బోర్డు ఇంకా మెట్ల దగ్గరే ఉందని, వారానికోసారి తుడుస్తున్నారని తెలిసింది.

అప్పుడే ఫోన్ మోగింది. అదే అమ్మాయి, అదే చదువుడు గొంతు. ఇది ఏడో నెల ఫోన్ అట. పడుకుంటే మంట వస్తోందా? తమ్ముడు నిజం చెప్పే మనిషి. అప్పుడప్పుడు, కొంచెం అన్నాడు. మాత్రలు వాడుతున్నారా? ఒకటి. అవతల టకటకా కొట్టిన చప్పుడు.

"సారీ సార్. మీ ఫలితం విఫలం కింద వచ్చింది."

ఆవిరక్క చేతిలో ముక్క బల్ల మీద పెట్టేసింది. ఫోన్ లాక్కుంది. తిండి తినలేక ఇరవై కిలోలు చిక్కిపోయిన రోజున విజయం అన్నారు, కడుపునిండా తింటున్న రోజున విఫలం అంటున్నారు, ఈ ఫారం రాసినవాడు ఎప్పుడైనా అన్నం తిన్నాడా అని అడిగింది. ఇందులో మింగుడు గురించి గడి ఎందుకు లేదని అడిగింది. గొంతు పెరిగింది, తగ్గించాలని కూడా అనుకోలేదు. తర్వాత ఉన్నట్టుండి ఆగిపోయింది. గడులు నింపటం తప్ప ఇంకేం చూడని ఆ అమ్మాయిలో తనే కనిపించింది.

 ఈసారి అమ్మాయి మాట్లాడినప్పుడు కాగితం చదువుతున్న గొంతు లేదు.

"మేడమ్, మింగలేకపోతున్నాం అని ఇంకొందరు కూడా చెప్పారు. ఎక్కడ రాయాలో తెలియక వదిలేశాను."

"ఎంతమంది?"

"తొమ్మిది మంది."

ఆవిరక్క కళ్ళు మూసుకుంది. ముప్పై నాలుగు కార్డుల్లో తొమ్మిది. ఆ తొమ్మిదింటి మీదా తన టిక్కులే.

వాళ్ళ నంబర్లు బయటివాళ్ళకి ఇవ్వకూడదని అమ్మాయి అంది. ఇవ్వొద్దంది ఆవిరక్క. వాళ్ళకే మళ్ళీ ఫోన్ చేసి, తన నంబరు ఇచ్చి, ఇష్టమైతే మాట్లాడమని చెప్పమంది. ఉద్యోగం పోతుందేమో మేడమ్ అంది అమ్మాయి. పోవచ్చు, నాది పోయేలా ఉంది అని చెప్పింది ఆవిరక్క, అబద్ధం చెప్పటం ఇష్టం లేక. అమ్మాయి ఏ మాటా ఇవ్వకుండానే పెట్టేసింది.

మధ్యాహ్నం రెండింటికి తెలియని నంబరు నుంచి ఫోన్ వచ్చింది. ఎవరో ముసలాయన. గొంతు సవరించుకుని, ఏదో మింగబోయి, ఆగి, మళ్ళీ సవరించుకుని, ఆవిరక్కంటే మీరేనా అమ్మా అని అడిగాడు.

ఆమె కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చుంది. మరదలు పెన్ను తెచ్చి చేతికిచ్చింది.

"నేనే బాబాయ్," అంది. "ముందు ఒకటి చెప్పండి. మీకు చివరిసారి ముద్ద ఎప్పుడు దిగింది?"